స్టీలు కత్తికి పదును ఎందుకు నిలవదు? కోనసీమ కొలిమికి చిక్కని ఆ వేడి లెక్క ఇదీ..

ముఖ్యాంశాలు
- కమాన్ పట్టీ ఇనుముకు పనికొచ్చే కొలిమి పద్ధతి స్టెయిన్‌లెస్ స్టీలుకు పనికిరాదు
- సామాన్ల స్టీలును ఎంత కాల్చినా గట్టిపడదు.. అయస్కాంతం పరీక్ష కూడా మోసం చేస్తుంది
- 1,000 డిగ్రీలు దాటిన వేడి, కదలకుండా నిలబెట్టిన నిమిషాలు.. ఇవే స్టీలు కత్తి పదునుకు అసలు కీలకం
- ఇంటి దగ్గర చేసుకునేవాళ్లు తీసుకోవాల్సిన జాగ్రత్తలేంటి?

కోనసీమలో కత్తి లేని ఇల్లు ఉండదు. చెట్టెక్కి గెల కోయాలన్నా, రోడ్డు పక్కన బొండాం కొట్టాలన్నా, వంటింట్లో పచ్చి కొబ్బరి ముక్కలు చేయాలన్నా కత్తే ఆధారం. అమలాపురం, రాజోలు, కొత్తపేట.. ఏ వైపు సంతకెళ్లినా కత్తులు, కొడవళ్లు, కత్తిపీటలు కనిపిస్తాయి. కొన్నాళ్లుగా వాటి పక్కనే తళతళలాడే స్టీలు కత్తులు కూడా వచ్చి చేరాయి.

కొనేవాళ్ల ఫిర్యాదు మాత్రం రెండు రకాలు. ఇనుప కత్తి బాగా కోస్తుంది కానీ రెండు రోజులు వాడకపోతే తుప్పు పడుతుంది. స్టీలు కత్తి మెరుస్తూ ఉంటుంది కానీ నాలుగు రోజులకే మొద్దుబారుతుంది. అదీ కాక స్టీలు కత్తిని కమ్మరి దగ్గరకు తీసుకెళ్లి పదును పెట్టమంటే, "ఇది మన కొలిమికి లొంగదు" అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది.

ఆ మాటలో నిజముంది. అయితే అది కమ్మరి చేతకానితనం కాదు, కొలిమికి వేడి చాలకా కాదు. స్టెయిన్‌లెస్ స్టీలు అడిగే లెక్క వేరు. ఆ లెక్క తెలిస్తే ఇంటి వెనుక చిన్న షెడ్డులోనూ మంచి స్టీలు కత్తి తయారవుతుంది. తెలియకపోతే ఎంత ఖరీదైన స్టీలు తెచ్చినా అది మెరిసే రేకుగానే మిగిలిపోతుంది.

కోనసీమలో తుప్పు ఎందుకు ఎక్కువ?

గౌతమి, వశిష్ఠ పాయల మధ్య, ఒకవైపు బంగాళాఖాతం ఆనుకుని ఉన్న నేల ఇది. గాలిలో తేమ ఎక్కువ. అంతర్వేది, ఓడలరేవు లాంటి తీరం ఊళ్లలో ఆ తేమకు ఉప్పు కూడా తోడవుతుంది. ఇనుముకు ఈ రెండూ పడవు.

దానికి తోడు కొబ్బరి. బొండాం నీళ్లకు కొద్దిపాటి ఆమ్ల గుణం ఉంటుంది. పచ్చి పీచులో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది. అది ఇనుముతో కలిస్తే నల్లటి మరక పడుతుంది. బొండాలు కొట్టే కత్తి ఎప్పుడూ నల్లగా కనిపించడానికి కారణం ఇదే. సాయంత్రం తుడిచి, కాస్త కొబ్బరి నూనె రాసి పెడితే ఆ కత్తి ఏళ్ల తరబడి పనిచేస్తుంది. తుడవకపోతే అంచు దగ్గరే తుప్పు తినేస్తుంది. అంచు పోయిందంటే పదును పోయినట్టే.

చెట్టెక్కే దింపు కార్మికుడికి ఇది చిన్న విషయం కాదు. కూలీ చెట్ల లెక్కనో, కాయల లెక్కనో వస్తుంది. కత్తి మొద్దుబారితే ఒక వేటుకు తెగాల్సిన గెల మూడు వేట్లకు తెగుతుంది. చెట్టు మీద నిలబడి అదనంగా వేసే ప్రతి వేటూ ప్రమాదమే. అందుకే తుప్పు పట్టని, పదును పోని కత్తి దొరికితే బాగుండునని అందరూ కోరుకుంటారు.

ఇనుప కత్తికి కొలిమి ఏం చేస్తుంది?

ఊరి కమ్మరి కత్తి చేయడానికి ఎక్కువగా వాడేది లారీ కమాన్ పట్టీలు. ఇది మామూలు ఇనుము కాదు, స్ప్రింగు స్టీలు. ఇందులో కార్బన్ అర శాతం నుంచి 0.6 శాతం దాకా ఉంటుంది. ఆ కాస్త కార్బనే కత్తికి ప్రాణం.

కొలిమిలో ఈ పట్టీని సుమారు 830 నుంచి 860 డిగ్రీల దాకా కాలిస్తే లోపలి అణువుల అమరిక మారుతుంది. కార్బన్ ఇనుములో కలిసిపోతుంది. వెంటనే నూనెలో ముంచితే ఆ కార్బన్ బయటికి పోయే సందు దొరక్క లోపలే ఇరుక్కుపోతుంది. అలా బిగుసుకుపోయిన అమరికనే మార్టెన్‌సైట్ అంటారు. కత్తి గట్టిదనం అంతా దానిదే. అయితే ఈ దశలో కత్తి గాజులా పెళుసుగా ఉంటుంది. మళ్లీ సన్నని సెగ మీద కాస్త వేడి చేస్తే పెళుసుదనం తగ్గి, గట్టిదనం నిలుస్తుంది. దీన్నే టెంపరింగ్ అంటారు.

కమ్మరికి ఈ పేర్లతో పనిలేదు. ఇనుము ఎర్రబారిన తీరు చూసి వేడి చెప్పేస్తాడు. అనుమానం ఉంటే అయస్కాంతం పెట్టి చూస్తాడు. సుమారు 770 డిగ్రీల దగ్గర ఇనుముకు అయస్కాంతం అంటుకోదు. అక్కడి నుంచి ఇంకాస్త రంగు రానిచ్చి ముంచితే పని పూర్తి. టెంపరింగ్‌లో కూడా అంతే. రుద్ది మెరిపించిన అంచు మీద లేత గడ్డి రంగు రాగానే ఆపేస్తాడు. కంటి చూపే అతని థర్మామీటర్.

ఈ చూపు వెనుక పెద్ద చరిత్రే ఉంది. తెలంగాణలోని కోనసముద్రం, నిర్మల్ ప్రాంతాల్లో ఒకప్పుడు మూసల్లో కరిగించి తీసిన ఉక్కు దేశాలు దాటి వెళ్లింది. కోనసముద్రంలో ఆ ఉక్కు తయారీని చూసిన హెన్రీ వాయిసీ రాసిన వివరణ 1832లో అచ్చయింది. ఆ ఉక్కు కోసం పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చేవాళ్లు. ఏ మీటరూ లేని రోజుల్లో సాధించిన పనితనం అది.

మరి స్టెయిన్‌లెస్ దగ్గరికొచ్చేసరికి ఆ చూపు ఎందుకు సరిపోవడం లేదు?

అసలు చిక్కు క్రోమియం దగ్గరే

స్టెయిన్‌లెస్ స్టీలు అనిపించుకోవాలంటే అందులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉండాలి. కత్తుల స్టీలులో సాధారణంగా 12 నుంచి 18 శాతం దాకా ఉంటుంది. గాలి తగలగానే ఈ క్రోమియం స్టీలు పైన కంటికి కనిపించనంత పలచని పొరలా ఏర్పడుతుంది. తుప్పును ఆపేది ఆ పొరే.

కానీ క్రోమియానికి కార్బన్ అంటే విపరీతమైన ఇష్టం. రెండూ కలిసి కార్బైడ్లు అనే గట్టి రవ్వలుగా మారతాయి. షాపు నుంచి తెచ్చిన కత్తి స్టీలు మెత్తగా ఉండటానికి కారణం ఇదే. కార్బన్ ఉంది, కానీ రవ్వల్లో బందీ అయి ఉంది. కత్తి గట్టిపడాలంటే ఆ రవ్వలు కొన్నైనా కరిగి, కార్బన్ ఇనుములోకి రావాలి.

దీన్ని బెల్లం పాకంతో పోల్చుకోవచ్చు. చల్లని నీళ్లలో బెల్లం గడ్డ వేస్తే నీళ్లు కాస్త తియ్యబడతాయి, గడ్డ మాత్రం గడ్డలాగే ఉంటుంది. పొయ్యి మీద పెడితే కరుగుతుంది. సెగ ఎక్కువైతే పాకం ముదిరి పాడవుతుంది. అరిసెలకు పాకం పట్టే చేతికి ఆ తేడా తెలుసు. స్టెయిన్‌లెస్‌లో క్రోమియం రవ్వలు కరిగే తీరూ అలాంటిదే. 850 డిగ్రీల దగ్గర చాలా కొద్దిగా కరుగుతాయి. సరిపడా కరగాలంటే రకాన్ని బట్టి 1,000 నుంచి 1,080 డిగ్రీల దాకా వేడి కావాలి. అది కూడా అలా తాకి వస్తే చాలదు. అదే వేడిలో నిమిషాల తరబడి నిలవాలి.

వేడి తక్కువైతే రెండు నష్టాలు. ఒకటి, కార్బన్ బయటికి రాక కత్తి మెత్తగా ఉండిపోతుంది. రెండు, క్రోమియం కూడా రవ్వల్లోనే ఉండిపోయి తుప్పును ఆపే శక్తి తగ్గుతుంది. అంటే స్టెయిన్‌లెస్ కత్తికి మచ్చలు పడుతున్నాయంటే స్టీలు నకిలీదే అయి ఉండాలని లేదు, కాల్చడంలో లోపం కూడా కావచ్చు.

వేడి ఎక్కువైతే ఇంకో చిక్కు. కార్బన్ మరీ ఎక్కువగా కరిగి, చల్లార్చినా కొంత భాగం గట్టి అమరికలోకి మారకుండా మిగిలిపోతుంది. అప్పుడు కత్తి మళ్లీ మెత్తబడుతుంది, లోపలి రేణువులు పెద్దవై పెళుసుగానూ మారుతుంది.

కొలిమి వేడికి లోటు లేదు.. నిలకడకే లోటు

కొబ్బరి చిప్పల బొగ్గుకు కోనసీమలో కొదవ లేదు. గాలి బాగా కొడితే ఆ బొగ్గుతో 1,000 డిగ్రీలు దాటడం కష్టమేమీ కాదు. సమస్య ఎక్కడంటే.. కొలిమిలో ఒక చోట 1,150 ఉంటే, జానెడు దూరంలో 900 ఉంటుంది. కత్తి మొన ముందు కాలుతుంది, వెన్ను వెనక కాలుతుంది. పది నిమిషాల పాటు మొత్తం కత్తిని ఒకే వేడిలో నిలబెట్టడం చేతి గాలితో దాదాపు అసాధ్యం.

రంగు చూసి చెప్పడం కూడా ఇక్కడ పనిచేయదు. మిట్టమధ్యాహ్నం ఎండలో కనిపించే రంగు వేరు, సాయంత్రం చీకట్లో కనిపించే రంగు వేరు. 50 డిగ్రీల తేడా కంటికి అందదు. కమాన్ పట్టీ ఆ తేడాను ఓర్చుకుంటుంది. స్టెయిన్‌లెస్ ఓర్చుకోదు. అయస్కాంతం పరీక్షా అంతే. అయస్కాంతం వదిలిన చోటు నుంచి అసలు వేడికి ఇంకా 200 డిగ్రీలకు పైగానే దూరం ఉంటుంది.

టెంపరింగ్ రంగులూ తప్పుదోవ పట్టిస్తాయి. మామూలు ఉక్కు మీద 200 డిగ్రీల దగ్గర కనిపించే లేత గడ్డి రంగు, స్టెయిన్‌లెస్ మీద 300 డిగ్రీలకు దగ్గర్లో గానీ కనిపించదు. పాత అలవాటుతో ఆ రంగు కోసం ఎదురుచూస్తే వేడి అనుకున్నదానికంటే ఎక్కువైపోతుంది.

ఈ కష్టం కోనసీమ కమ్మరిదొక్కడిదే కాదు. స్టెయిన్‌లెస్ కత్తుల పుట్టిల్లు ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్. అక్కడ హ్యారీ బ్రియర్లీ 1913లో తుపాకీ గొట్టాలకు మంచి ఉక్కు కోసం వెతుకుతూ, దాదాపు 13 శాతం క్రోమియం ఉన్న ఉక్కుకు తుప్పు పట్టడం లేదని గుర్తించారు. దాంతో కత్తులు చేయించాలని చూశారు. ఊరి నిండా పేరున్న కత్తుల పనివాళ్లే. అయినా మొదట్లో ఆ కత్తులు కుదర్లేదు. పాత పద్ధతిలో కాల్చి ముంచితే అది లొంగలేదు. కోయని కత్తులు కనిపెట్టిన మనిషని బ్రియర్లీని ఎగతాళి చేశారు. ఆ తర్వాత కత్తుల కంపెనీలో పనిచేసే ఎర్నెస్ట్ స్టువర్ట్‌తో కలిసి పద్ధతి మార్చాకే పదును కుదిరింది. ప్రపంచంలోనే పేరున్న కత్తుల ఊరు కూడా కొత్త లెక్క నేర్చుకోక తప్పలేదన్నమాట.

ఏ స్టీలు తెచ్చారన్నదే మొదటి ప్రశ్న

ఇంటి దగ్గర ప్రయత్నించే చాలామంది మొదటి తప్పు ఇక్కడే చేస్తారు. పాత స్టీలు పళ్లెం, సింకు ముక్క, రెయిలింగ్ పట్టీ తెచ్చి కత్తి చేయాలని చూస్తారు. వీటికి ఎక్కువగా వాడేది 304 లేదా 202 రకాలు. వాటిలో కార్బన్ చాలా తక్కువ. 304లో 0.08 శాతానికి మించదు. నికెల్, మాంగనీస్ లాంటివి కలవడం వల్ల చల్లార్చినా వాటి అమరిక మారదు. వందసార్లు కాల్చి ముంచినా గట్టిపడవు.

అయితే అయస్కాంతం అంటుకుంటే మంచి స్టీలేనా? ఇదీ సగం నిజమే. కత్తుల స్టీలుకు అయస్కాంతం అంటుకుంటుంది. కానీ 430 రకానికి కూడా అంటుకుంటుంది. ఇండక్షన్ స్టవ్ గిన్నెల అడుగున వాడే రకం ఇది. దీన్ని కాల్చినా కత్తికి సరిపడా గట్టిపడదు. అంటే అయస్కాంతం అంటుకోకపోతే ఆ స్టీలు కత్తికి పనికిరాదని దాదాపుగా చెప్పొచ్చు. అంటుకున్నంత మాత్రాన పనికొస్తుందని మాత్రం చెప్పలేం.

కత్తికి పనికొచ్చే రకాలు ఇవీ..

- 420 రకం: క్రోమియం 12 నుంచి 14 శాతం. కార్బన్ 0.15 శాతం నుంచి మొదలవుతుంది. కత్తికైతే 0.3 శాతం, అంతకు మించి ఉన్నది తీసుకోవాలి. తుప్పును బాగా తట్టుకుంటుంది, దెబ్బకు ఓర్చుకుంటుంది. పదును మాత్రం ఒక మోస్తరు.
- ఏఈబీ-ఎల్: కార్బన్ 0.67 శాతం, క్రోమియం 13 శాతం. రేజర్ బ్లేడ్ల కోసం తయారైన రకం. సన్నని అంచు నిలుపుకుంటుంది. వంటింటి కత్తికి చాలా బాగుంటుంది.
- 440సీ: కార్బన్ 0.95 నుంచి 1.2 శాతం, క్రోమియం 16 నుంచి 18 శాతం. అరుగుదలను బాగా తట్టుకుంటుంది. కానీ గట్టి దెబ్బలకు అంచు పెచ్చులూడే అవకాశం ఎక్కువ.

కొనేటప్పుడు రకం పేరుతో పాటు, అందులో ఏమేం ఎంత ఉన్నాయో చెప్పే మిల్ టెస్ట్ సర్టిఫికెట్ అడగాలి. సర్టిఫికెట్ లేని స్టీలుకు ఏ వేడి పెట్టాలో ఎవరూ చెప్పలేరు.

ఇంటి వర్క్‌షాప్‌లో పని ఎలా సాగాలి?

దీనికి కావాల్సింది కరెంటుతో నడిచే చిన్న కొలిమి. వేడి తట్టుకునే ఇటుకలు, హీటింగ్ కాయిల్, లోపలి వేడి చెప్పే కే-టైప్ థర్మోకపుల్, ఆ వేడిని అక్కడే నిలిపే కంట్రోలర్.. ఇవి ఉంటే చాలు. తయారుగా దొరికేదైనా సరే, తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చేయించుకున్నదైనా సరే. లోపలి వేడి అంకెల్లో కనిపించాలి, అక్కడే నిలవాలి.

1. ముందు ఆకారం, తర్వాత వేడి. కత్తి ఆకారం కోసి, పిడికి కావాల్సిన రంధ్రాలు ముందే వేసుకోవాలి. గట్టిపడ్డాక డ్రిల్ దిగదు. అంచును మాత్రం పూర్తిగా పలచగా చేయకూడదు. అర మిల్లీమీటరు పైన మందం వదిలేయాలి. లేకపోతే వేడికి వంకర పోతుంది.

2. రేకులో చుట్టాలి. 1,000 డిగ్రీల దగ్గర గాలి తగిలితే స్టీలు పైన పొక్కు కడుతుంది, అంచులో కార్బన్ కాలిపోతుంది. అందుకే వేడి తట్టుకునే పలచని స్టెయిన్‌లెస్ రేకులో కత్తిని చుట్టి, అంచులు రెండు మడతలు వేసి గట్టిగా మూయాలి. లోపల చిన్న కాగితం ముక్క పెడితే అది కాలుతూ మిగిలిన ఆక్సిజన్‌ను తినేస్తుంది. వంటింటి అల్యూమినియం ఫాయిల్ దీనికి అసలు పనికిరాదు. అది 660 డిగ్రీలకే కరిగిపోతుంది.

3. వేడిలో నిలపాలి. కొలిమి అనుకున్న వేడికి వచ్చాకే కత్తి పెట్టాలి. 440సీకి 1,010 నుంచి 1,065 డిగ్రీలు, ఏఈబీ-ఎల్‌కు సుమారు 1,065 డిగ్రీలు. రెండు, మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న కత్తికి 10 నుంచి 20 నిమిషాలు చాలు. టైము లెక్క కత్తి పెట్టిన క్షణం నుంచి కాదు, కొలిమి మళ్లీ అనుకున్న వేడికి చేరినప్పటి నుంచి మొదలుపెట్టాలి.

4. చల్లార్చాలి. ఈ స్టీళ్లకు నీళ్లు అక్కర్లేదు, నీళ్లలో ముంచితే పగిలే ప్రమాదం ఉంది. నూనె కూడా తప్పనిసరి కాదు. అంగుళం మందం ఉన్న రెండు అల్యూమినియం పలకల మధ్య కత్తిని రేకుతో సహా పెట్టి బిగిస్తే చాలు. పలకలు వేడిని గబగబా లాగేస్తాయి. పైగా కత్తి వంకర పోకుండా పట్టుకుంటాయి.

5. అతిశీతలం.. అవసరమైతేనే. గది వేడికి చల్లారాక కూడా లోపల కొంత భాగం మెత్తగా మిగలొచ్చు. పరిశ్రమల్లో మైనస్ 78 డిగ్రీల డ్రై ఐస్‌లోనో, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లోనో పెట్టి దాన్ని కూడా గట్టిపరుస్తారు. ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 దగ్గరే ఆగుతుంది, ఉపయోగం కొద్దిగానే ఉంటుంది. డ్రై ఐస్ దొరకని చోట కాల్చే వేడిని చెప్పిన పరిధిలో కింది వైపు ఉంచుకోవడం మేలు.

6. టెంపరింగ్ ఆలస్యం చేయకూడదు. చల్లారిన కత్తి కింద పడితే గాజులా పగలొచ్చు. అదే రోజు, వీలైతే గంటలోపే 175 నుంచి 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచి, చల్లార్చి, మళ్లీ రెండు గంటలు ఉంచాలి. వంటింటి ఓవెన్ వాడితే దాని బిళ్ల మీద అంకెను నమ్మొద్దు, లోపల వేరే థర్మామీటర్ పెట్టుకోవాలి. 425 నుంచి 565 డిగ్రీల మధ్య మాత్రం టెంపర్ చేయకూడదు. ఆ వేడిలో ఈ రకం స్టీళ్లు పెళుసుబారతాయి, తుప్పుకు కూడా లొంగుతాయి.

7. చివరి పదును చల్లగా పెట్టాలి. గ్రైండర్ మీద అంచు నీలం రంగుకు తిరిగిందంటే అక్కడ పదును చచ్చిపోయినట్టే. కాసేపు రుద్దడం, నీళ్లలో ముంచడం.. ఇలా సాగాలి. ఆఖరున సానరాయి మీద పెట్టిన అంచే నిలుస్తుంది.

కత్తి కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది?

చల్లార్చిన వెంటనే కొత్త ఆకురాయితో అంచును రుద్ది చూడాలి. గాజు మీద జారినట్టు జారితే గట్టిపడ్డట్టే. పొడి రాలుతూ కోస్తే గట్టిపడనట్టు. అయితే రేకు సరిగా మూయకపోతే పైపొర మాత్రమే మెత్తగా ఉండొచ్చు. అందుకే కాస్త పైపొర తీసి మళ్లీ చూడాలి.

కచ్చితమైన అంకె కావాలంటే రాక్‌వెల్ యంత్రం మీద పరీక్షించాలి. ఇంజినీరింగ్ కాలేజీల మెకానికల్ ల్యాబుల్లో సాధారణంగా ఈ యంత్రం ఉంటుంది. మంచి వంటింటి కత్తి 58 నుంచి 60 వరకు రావొచ్చు. దెబ్బలు తినే కత్తికి 54 నుంచి 56 చాలు.

తుప్పు పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డను అంచుకు చుట్టి రాత్రంతా ఉంచి, పొద్దున్న చూడాలి. పక్కనే షాపులో కొన్న మంచి కత్తికి కూడా అలాగే చుడితే తేడా తెలిసిపోతుంది. ఎక్కువ మచ్చలు కనిపిస్తే వేడి లెక్కలో పొరపాటు జరిగిందేమో చూసుకోవాలి.

తాటాకు పాకలో ఈ పని వద్దు

ఈ పనిలో ప్రమాదాలూ తక్కువేమీ కాదు. ముఖ్యంగా ఇవి గుర్తుంచుకోవాలి..

- తాటాకు, కొబ్బరాకు కప్పు కింద కొలిమి పెట్టకూడదు. రేకుల షెడ్డు, గట్టి నేల, పక్కనే ఇసుక బకెట్ ఉండాలి.
- కరెంటు కొలిమికి ఎర్తింగ్ తప్పనిసరి. తలుపు తీయగానే కాయిల్‌కు కరెంటు ఆగిపోయే స్విచ్ ఉండాలి. లేకపోతే పటకారు కాయిల్‌కు తగిలితే ప్రాణానికే ముప్పు. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడొద్దు.
- కమాన్ పట్టీ కత్తిని నూనెలో ముంచేవాళ్లు మూత ఉన్న ఇనుప డబ్బా వాడాలి. నూనె అంటుకుంటే మూత వేయాలి. నీళ్లు పోస్తే మంట ఎగిసి మీద పడుతుంది.
- స్టెయిన్‌లెస్ రుద్దిన ధూళిలో క్రోమియం, నికెల్ ఉంటాయి. ఊపిరితిత్తులకు మంచిది కాదు. మంచి మాస్కు, కళ్లద్దాలు లేకుండా గ్రైండర్ ముందు కూర్చోకూడదు.
- చుట్టిన రేకు అంచు బ్లేడులా కోస్తుంది. చల్లారినా చేతి తొడుగులు తీయొద్దు.

కత్తి కొలతల విషయంలో చట్టం కూడా తెలిసి ఉండాలి. 9 అంగుళాల కంటే పొడవైన, లేదా 2 అంగుళాల కంటే వెడల్పైన కత్తులు ఆయుధ చట్టం లెక్కలోకి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు చేసిన వాటికి మినహాయింపు ఉంది. కాబట్టి చేసే కత్తి పనిముట్టులా ఉండాలి. బాకులు, తల్వార్ల జోలికి వెళ్లకపోవడమే మంచిది.

మరి కోనసీమకు ఏ కత్తి మేలు?

అన్ని పనులకూ స్టెయిన్‌లెస్సే గొప్ప అనుకోవడం పొరపాటు. బొండాం కొట్టే కత్తి రోజుకు వందల దెబ్బలు తింటుంది. గట్టి చిప్ప మీద పడే ఆ దెబ్బకు 60 దాకా గట్టిపడిన స్టెయిన్‌లెస్ అంచు పెచ్చులూడుతుంది. ఆ పనికి కమాన్ పట్టీ కత్తే ఇప్పటికీ మేటి. వంగుతుందే తప్ప విరగదు, ఊరి కొలిమిలోనే మళ్లీ సరిచేసుకోవచ్చు. దానికి కావాల్సింది సాయంత్రం తుడిచి నూనె రాసే అలవాటు.

వంటింట్లో, చేపలు కోసే చోట, కొబ్బరి ముక్కలు, పండ్లు కోసే చోట మాత్రం స్టెయిన్‌లెస్‌దే పైచేయి. ఉప్పు, పులుపు, తడి ఎక్కువ ఉండే ఈ పనుల్లో ఇనుప కత్తి రుచిని, రంగును కూడా పాడుచేస్తుంది. అయితే ఇక్కడా ఒక మాట గుర్తుంచుకోవాలి. స్టెయిన్‌లెస్ అంటే తుప్పు అసలే పట్టనిది కాదు, తక్కువ పట్టేది. ఉప్పు తడితో రాత్రంతా వదిలేస్తే దానికీ సన్నని గుంటలు పడతాయి. కడిగి, తుడిచి పెట్టాల్సిందే.

సొంతంగా కొలిమి పెట్టుకోలేని వాళ్లకు మరో దారి ఉంది. ఆకారం ఇక్కడే తయారుచేసి, వేడి పనికి మాత్రం హైదరాబాద్ లాంటి పారిశ్రామిక నగరాల్లో వ్యాక్యూమ్ ఫర్నేస్ ఉన్న యూనిట్లకు పంపొచ్చు. స్టీలు రకం, కావాల్సిన గట్టిదనం అంకె రాసి పంపితే చాలు. ఒకటి రెండు కత్తులకు ఇది గిట్టుబాటు కాకపోవచ్చు. నలుగురైదుగురు కమ్మరులు కలిసి ఒకేసారి పంపితే ఖర్చు పంచుకోవచ్చు. లేదా అందరూ కలిసి ఒకే కరెంటు కొలిమి పెట్టుకోవచ్చు.

ఎందుకంటే ఈ పనిలో కష్టమైనవన్నీ కమ్మరికి ముందే వచ్చు. ఏ పనికి ఎంత మందం ఉండాలి, బరువు ఎటు వైపు ఉండాలి, పిడి చేతిలో ఎలా కుదరాలి, అంచు ఏ కోణంలో దించాలి.. ఇవి ఏ యంత్రమూ నేర్పదు. తళతళలాడే ఫ్యాక్టరీ కత్తిలో లేనిదీ, ఊరి కత్తిలో ఉన్నదీ ఆ పనితనమే. స్టెయిన్‌లెస్ కోసం అతను కొత్తగా చేర్చుకోవాల్సింది రెండే.. వేడి చెప్పే ఒక మీటరు, నిమిషాలు చెప్పే ఒక గడియారం. అవి చేతికొస్తే "మన కొలిమికి లొంగదు" అన్న స్టీలు కూడా లొంగుతుంది. సంతలో స్టీలు కత్తి కొనేవాళ్లు కూడా ఇకపై మెరుపు చూసి కాకుండా.. "ఇది ఏ రకం స్టీలు? ఎంత వేడిలో కాల్చారు?" అని అడిగి కొంటే మోసపోయే అవకాశం తగ్గుతుంది.